ఆ ఆకుపచ్చ దీపాన్ని చూస్తున్నది ఎవరు?

'ద గ్రేట్ గాట్స్‌బీ' నవల మీద ఏ గైడు తెరిచినా ఒక పట్టిక ఎదురవుతుంది. ఆకుపచ్చ దీపం అంటే ఆశ, పసుపు అంటే కుళ్లిన సంపద, కళ్లజోడు బోర్డు అంటే దేవుడు. ఎం.ఏ. ఇంగ్లిష్ పరీక్ష రాసేవాళ్లూ, అమెరికాలో హైస్కూలు చదివే మన పిల్లలూ దాన్నే బట్టీ పడతారు. మార్కులు ఎంతో కొంత పడతాయి, నవల మాత్రం చేతికి చిక్కదు. ఎఫ్. స్కాట్ ఫిట్జ్‌జెరాల్డ్ 1925లో వెలువరించిన ఈ తొమ్మిది అధ్యాయాల పుస్తకంలో వస్తువులకు స్థిరమైన అర్థాలు లేవు. చూసేవాళ్లను బట్టి, చూసే వేళను బట్టి అవి మారుతుంటాయి.

ఆ దీపం సంగతే చూడండి. మొదటి అధ్యాయం చివర కథానాయకుడు గాట్స్‌బీ చీకట్లో నీళ్లవైపు చేతులు చాస్తాడు. ఆ చూపు వెంట చూసిన పొరుగువాడు, ఈ కథ చెప్పే నిక్ కారవేకి కనిపించేది దూరాన ఓ చిన్న ఆకుపచ్చ వెలుగు, అంతే. అది గాట్స్‌బీ ఒకప్పుడు ప్రేమించిన, ఇప్పుడు టామ్ భార్య అయిన డెయిజీ ఇంటి రేవు చివర దీపమని నిక్‌కు అప్పుడు తెలియదు. ఐదో అధ్యాయంలో డెయిజీ పక్కనే నిలబడి ఉండగా గాట్స్‌బీ స్వయంగా ఆ దీపం మాట ఎత్తుతాడు. సరిగ్గా అప్పుడే దాని మహిమ పోయిందంటాడు నిక్. మనిషే చేతికందాక దీపంతో పనేముంది? ఇక తొమ్మిదో అధ్యాయంలో గాట్స్‌బీ చనిపోయాక నిక్ ఒంటరిగా ఒడ్డున కూర్చుని, ఆ దీపాన్ని తొలిసారి ఈ ఖండాన్ని చూసిన డచ్ నావికుల ఆశ్చర్యంతో ముడిపెడతాడు. అంటే దీపానికి అమెరికా చరిత్రంత బరువు ఎత్తింది నిక్. గాట్స్‌బీకి కావలసింది డెయిజీ, ఆమెతో గడిచిన కాలం. కష్టపడితే ఎవరైనా పైకి రావచ్చనే 'అమెరికన్ డ్రీమ్' అన్న మాట నవలలో ఒక్కచోట కూడా లేదు. అది జనం నోళ్లలో నానింది 1931లో వచ్చిన జేమ్స్ ట్రస్లో ఆడమ్స్ పుస్తకం తర్వాతే.

అందుకే పాత్రల అధ్యయనం గాట్స్‌బీతో కాదు, నిక్‌తో మొదలవ్వాలి. తాను ఎవరి మీదా తొందరపడి తీర్పు చెప్పనంటూ కథ మొదలుపెట్టి, పుస్తకం పొడవునా తీర్పులు చెబుతూనే ఉంటాడు. తనంత నిజాయతీపరులు అరుదని మూడో అధ్యాయం చివర చెప్పుకుంటాడు. దానికి కాస్త ముందే, ఊళ్లో ఉన్న ఒకమ్మాయికి వారం వారం 'ప్రేమతో, నిక్' అని రాస్తూనే ఇక్కడ డెయిజీ స్నేహితురాలు జోర్డన్ మీద మనసు పడ్డట్టు ఒప్పుకుంటాడు. పైగా ఇదంతా జరిగిన రెండేళ్లకు గుర్తు తెచ్చుకుని రాస్తున్నాడు. (2013 నాటి సినిమా చూసి జవాబు రాసేవాళ్లు నిక్‌ను మానసిక చికిత్స జరిగే శానిటోరియంలో కూర్చోబెడతారు. నవలలో ఆ శానిటోరియమే లేదు.)

కళ్లజోడు బోర్డు దగ్గర జరిగే పొరపాటు ఇంకా పెద్దది. బూడిద మైదానం మీద నిలిచిన డాక్టర్ ఎకిల్‌బర్గ్ కళ్లు వ్యాపారం కోసం ఏ కంటి డాక్టరో పెట్టించి వదిలేసినవి. రెండో అధ్యాయంలో నిక్‌కు తోచేది అదే. వాటిలో దేవుణ్ని చూసేది ఎనిమిదో అధ్యాయంలో అక్కడే కార్ల షెడ్డు నడిపే విల్సన్, అదీ భార్య శవమైన మర్నాడు తెల్లవారుజామున. పక్కనున్న పొరుగువాడు మైకేలిస్ వెంటనే అది ప్రకటన బోర్డని గుర్తు చేస్తాడు. జవాబులో విల్సన్ మాట ఒక్కటే రాసి మైకేలిస్ మాట వదిలేస్తే సగం సన్నివేశం పోయినట్టే.

రెండోసారి చదివేటప్పుడు కాగితం మీద నాలుగు గడులు గీసుకోండి: అధ్యాయం, వస్తువు, చూసేదెవరు, ఆ క్షణాన వాళ్ల పరిస్థితి. మూడో గడి ఖాళీగా మిగిలిందంటే ఆ అర్థం గైడు నుంచి వచ్చిందన్నమాటే. పుస్తకం చిన్నదే. 2021 జనవరి 1తో అమెరికాలో కాపీరైట్ కూడా తీరిపోయింది కాబట్టి మూలం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

ఈ పద్ధతిలో గాట్స్‌బీ కారును పరిశీలించండి. నాలుగో అధ్యాయంలో నిక్ దాన్ని మీగడ రంగు అంటాడు. ఏడో అధ్యాయంలో అది విల్సన్ భార్య మర్టిల్‌ను గుద్ది చంపిన ప్రమాదం చూసిన ఒక నల్లజాతి వ్యక్తి పసుపు అంటాడు. మైకేలిస్ మొదటి పోలీసుకు లేత ఆకుపచ్చ అని చెబుతాడు. పసుపంటే అవినీతి అని రాసిపెట్టుకున్న పట్టిక ఇక్కడ చేతులెత్తేస్తుంది. ఆ మధ్యాహ్నం అదే కారును టామ్ నడపడం చూసిన మర్టిల్ (టామ్‌తో ఆమెకు రహస్య సంబంధం ఉంది), రాత్రి అందులో అతనే ఉన్నాడనుకుని రోడ్డు మీదికి పరుగెత్తింది. నడుపుతున్నది డెయిజీ. ఆ కారు గాట్స్‌బీదని టామ్ నోట విన్న విల్సన్ అతన్నే హంతకుడిగా ఖాయం చేసుకుని తుపాకీతో బయల్దేరాడు. కారును చూసి మనిషిని తేల్చేశారు ఇద్దరూ.