కీమో తర్వాత పదో రోజు

మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్ చెప్పింది. మంచి మాట. కీమో కోసం హైదరాబాదుకో విశాఖకో రాత్రి బస్సెక్కే అవస్థ డెబ్బై ఏళ్ల మనిషికి తప్పుతుంది. అయితే సాయంత్రం సెలైన్ తీసేసి ఇంటికి పంపాక రెండు వారాల పాటు ఆ మనిషిని కనిపెట్టుకుని ఉండేదెవరు? మంచాలు లెక్కవేసినవాళ్లు నర్సులనూ లెక్కవేయాలి.

చాలా కీమో మందులకు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు లోపల, ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు 100.4 డిగ్రీల జ్వరం వచ్చిందంటే ఆసుపత్రికి చేరిన గంటలోపే యాంటీబయాటిక్ ఎక్కించాలి. వృద్ధులతో చిక్కేమిటంటే, ఇన్‌ఫెక్షన్ ముదిరినా ఒళ్లు కాలకపోవచ్చు. అన్నం వద్దంటారు, మగతగా పడుకుంటారు, మనవణ్ని కొడుకు పేరుతో పిలుస్తారు. నీరసమేలే, పడుకోనిద్దామనుకుంటారు ఇంట్లోవాళ్లు. కొందరు పారాసిటమాల్ వేసి ఆ కాస్త జ్వరాన్నీ కప్పేస్తారు. మాత్ర కంటే ముందు థర్మామీటర్ పెట్టాలని నర్సు చెప్పి, వాళ్ల నోట మళ్లీ చెప్పించుకుని మరీ పంపాలి.

మగతగా ఉన్న మనిషిని చూడ్డానికి నేర్పున్న నర్సు వస్తే పొత్తికడుపు తడిమి మూత్రం బిగిసిందేమో చూస్తుంది. విరేచనమై ఎన్నాళ్లయిందో అడుగుతుంది. కట్టుడు పళ్లు తీయించి, టార్చి వేసి, నోట్లో తెల్లపూత, పుండ్లు వెతుకుతుంది. నోరు మండి ఏమీ తినకుండా, షుగర్ మాత్ర మాత్రం మానకుండా వేసుకుని, చక్కెర పడిపోయి మగతలోకి జారేవాళ్లుంటారు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒక నిమిషానికీ మూడు నిమిషాలకూ మళ్లీ బీపీ చూస్తుంది. పై అంకె 20 పాయింట్లు తగ్గితే, రాత్రి బాత్రూముకు లేచినప్పుడు కళ్లు తిరిగి పడే ప్రమాదం ఉన్నట్టే. బీపీ మాత్ర సంగతి ఆ రోజే డాక్టరుతో తేల్చుకోవాలి. ఇంతా కలిపి ఇరవై నిమిషాల పని. ముప్పై మంచాలకు ఒక్క సిస్టర్ ఉంటే ఆ ఇరవై నిమిషాలు ఎక్కడివి?

నొప్పి విషయంలో జరిగేది మరీ అన్యాయం. తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ తేలిగ్గా అందేలా 2014లోనే మాదకద్రవ్యాల చట్టాన్ని (ఎన్‌డీపీఎస్) సవరించారు. అయినా అలవాటైపోతుందన్న భయంతో పెద్దవాళ్లు పళ్ల బిగువున ఓర్చుకుంటున్నారు. పిల్లలకు ఇబ్బందెందుకని నొప్పి దాస్తారు కూడా, అందుకే పక్కకు తిప్పేటప్పుడు వాళ్ల మొహం చూడాలి. మార్ఫిన్ తక్కువ మోతాదుతో, కిడ్నీల పనితీరు చూసి మొదలుపెట్టాలి. బక్కచిక్కిన వృద్ధుల్లో కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, మామూలుగానే కనిపించి మోసం చేస్తుంది; వయసు, బరువు కలిపి లెక్కకట్టాలి. విరేచనాల మందు మొదటి రోజు నుంచే ఇవ్వాలి. అది మరిస్తే కడుపు ఉబ్బి, రోగి మార్ఫిన్‌నే మానేస్తాడు.

ప్రభుత్వాలను మేము కోరేది ఇది. ప్రతి కేంద్రంలో క్యాన్సర్ నర్సింగ్‌లో శిక్షణ పొందినవాళ్లను శాశ్వత పోస్టుల్లో పెట్టండి. మూడో రోజు, ఏడో రోజు, పదో రోజు వాళ్లే రోగి ఇంటికి ఫోన్ చేయాలి. మాట తేడాగా వినిపిస్తే ఊళ్లోని ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) ఆ పూటే వెళ్లి చూడాలి. ఇంటికి పంపే చీటీ పెద్దక్షరాల తెలుగులో ఉండాలి. దాని మీద రాసిన నంబరు రాత్రి రెండింటికి మోగినా ఎత్తే మనిషి ఉండాలి.