శివారుకు చేరని బైట్లు

శివారు చేలకు నీళ్లు అందకపోతే తప్పు ధవళేశ్వరానిదే. మన తూముకు మనమే అడ్డం పెట్టిన చెక్క ఊసు ఎవరూ ఎత్తరు. డెల్టాలో సాఫ్ట్‌వేరు రాసే కుర్రాళ్లు ఈ సంప్రదాయాన్ని చెక్కుచెదరకుండా నిలబెడుతున్నందుకు అభినందించాల్సిందే. చెరువు గట్టు మీది డబ్బా (చిన్న కంప్యూటరు) నుంచి సర్వరుకు కబురు వెళ్లలేదంటే మొదటి మాట "నెట్ బాలేదండి". రెండోది "సర్టిఫికెట్ తేడా అయ్యుంటుందండి, ఆయ్". మూడో మాట అక్కర్లేదు. ఈలోగా డబ్బా కరెంటు తీసి మళ్లీ పెడతారు, బఫరులో, అంటే పంపేముందు కూడబెట్టుకునే మెమరీలో, ఉన్న సాక్ష్యమంతా ఆవిరైపోతుంది.

భీమవరం చుట్టుపక్కల ఒక వనామి రొయ్యల చెరువు అనుకుందాం. నీటిలో ఆక్సిజన్ కొలిచే ప్రోబు, దానికో చిన్న లినక్స్ డబ్బా. పది నిమిషాలకోసారి 64 బైట్ల వరస ఒకటి ప్రింటవుతుంది. అది పైపు (ఒక ప్రోగ్రాము రాసింది ఇంకోదానికి అందించే దారి) గుండా కబురుకు తాళం వేసే టీఎల్‌ఎస్ ప్రోగ్రాముకు, అక్కడ తాళం పడి సర్వరుకు వెళ్లాలి. ఆఫీసులో టెర్మినల్ మీద నడిపినప్పుడు వరసలు ఠంచనుగా వచ్చాయి. రావా మరి? అవుట్‌పుట్ టెర్మినల్‌కి వెళ్తుంటే సీ లైబ్రరీ లైను లైనుకీ వదిలేస్తుంది. పైపుకు కట్టగానే బుద్ధి మారుతుంది. లినక్స్ వాడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీలో అయితే మామూలుగా 4096 బైట్లు నిండేదాకా గేటు ఎత్తదు. 64 వరసలతో నిండుతుంది, 65వది వచ్చి నెడితే కదులుతుంది. పది నిమిషాల చొప్పున 640 నిమిషాలు.

రాత్రి రెండింటికి ఆక్సిజన్ లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందికి పడిపోయింది. ఖాళీ బఫరులో మొదటి వరస అదే అయితే, ఆ కబురు మధ్యాహ్నం పన్నెండు నలభైకి చేరుతుంది. సర్వరు కబురు అందిన టైమే వేస్తుంది కాబట్టి ఫోనులో "12:40, ఆక్సిజన్ తక్కువ, ఏరియేటర్లు వేయండి" అని మోగుతుంది. మిట్టమధ్యాహ్నం, ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతూ నీళ్లు కళకళలాడే వేళ. రైతు డబ్బాకి పిచ్చి పట్టిందనుకుంటాడు. తెల్లారుజామునే తేలిన రొయ్యల్ని అప్పటికే ఐసు పెట్టెల్లోకి ఎత్తేసి ఉంటాడు, వచ్చిన రేటుకి.

ఇక మన వైద్యాలు. అందరికీ ఇష్టమైనది స్లీప్. ప్రింట్ తర్వాత ఒక సెకను నిద్రపోతే బఫరుకు జాలి కలిగి గేటు ఎత్తుతుందని నమ్మకం. అది ఎత్తదు, ఇద్దరూ కలిసి నిద్రపోతారు. రెండోది బఫరు పెంచడం: 8192 చేస్తే ఆలస్యం 21 గంటల 20 నిమిషాలు, అప్పుడు మధ్యాహ్నం రావాల్సిన పాత కబురు రాత్రి పదకొండు దాటాక వస్తుంది. కనీసం చీకటి పడ్డాక మోగింది కదా అని సంతోషించాలి. మూడోది బఫరు నిండేలా వరస వెనక 4032 ఖాళీలు (స్పేసులు) తగిలించడం. రోజుకు 144 వరసలకి 5,80,608 ఖాళీలు, పైగా ఒక్కో ఖాళీకీ టీఎల్‌ఎస్ రక్షణ. దొంగ పట్టుకుపోయినా అందులో ఏముందో చచ్చినా కనుక్కోలేడు.

అసలు మందు చాలా చవక. ప్రోగ్రాము మొదట్లో, ఇంకేమీ ప్రింటు కాకముందే, సెట్‌విబఫ్ అనే ఫంక్షన్‌తో లైను బఫరింగ్ పెట్టాలి, అంటే వరస పూర్తవగానే వదిలేయమనాలి. లేదా వరస వరసకీ ఎఫ్‌ఫ్లష్, అంటే ఉన్నదంతా ఇప్పుడే బయటికి తోసెయ్ అనడం. సోర్సు కోడు చేతిలో లేకపోతే స్టడ్‌బఫ్ అనే కమాండు ముందు తగిలించి నడపొచ్చు, కాకపోతే స్టాటిక్‌గా లింకు చేసిన (సీ లైబ్రరీని తనలోనే కలిపేసుకున్న) ప్రోగ్రాము దాని మాట వినదు. పైథాన్ అయితే ప్రింట్‌లో ఫ్లష్ అంటే సరి. కానీ ఇంత చవకైన మందుకు బిల్లు ఎలా వేస్తాం?

అందుకే బిల్లు పడే మందు ఒకటుంది, టీసీపీ నోడిలే: చిన్న ప్యాకెట్లను ఆపకుండా వెంటనే పంపమనే సెట్టింగు. 1984లో జాన్ నేగల్ చెప్పిన పద్ధతి చిన్న ప్యాకెట్లను ఆపి కలుపుతుంది. అవతలి వాడు అక్నాలెడ్జ్‌మెంట్ (అందిందనే రసీదు) ఆలస్యం చేస్తే లినక్స్‌లో 40 మిల్లీసెకన్లు అటూ ఇటూ ఆగుతుంది. పది గంటల నలభై నిమిషాల జబ్బుకు 40 మిల్లీసెకన్ల వైద్యం. రోగి బిల్లు చూసే కోలుకోవాలి.

ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లు. మన వరసకు నాలుగే: ప్రోగ్రాము బఫరు, పైపు, టీఎల్‌ఎస్ లైబ్రరీ, నెట్‌కి పంపేముందు కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఉంచుకునే సాకెట్ బఫరు. మూడో గేటు దగ్గర మర్యాద వేరు. నాన్‌బ్లాకింగ్ సాకెట్ (చోటు లేకపోతే ఆగకుండా వెంటనే తిరిగొచ్చేది) మీద టీఎల్‌ఎస్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ రాత కాల్ "ఇంకా రాయాలి, ఆగు" అంటే, మళ్లీ పిలిచేటప్పుడు అదే బఫరు, అదే పొడవు ఇవ్వాలి. పడవ లాకు గదిలోకి సగం వచ్చాక సరుకు మార్చుకొస్తానంటే లాకు మనిషి ఒప్పుకోడు. ఆ రికార్డు, అంటే టీఎల్‌ఎస్ కట్టిన మూట, అప్పటికే ఎన్‌క్రిప్ట్ అయింది, కొంత వెళ్లిపోయి కూడా ఉండొచ్చు. మనవాళ్లు మాత్రం ఈలోగా కొత్త వరసను పంపాల్సిన వరసల క్యూకి అతికించి, చోటు మారిన బఫరుతో పిలిచి, "బ్యాడ్ రైట్ రిట్రై" అని ఎర్రర్ వస్తే లైబ్రరీకి బగ్గంటారు. ఇంకొందరు రాయడానికి ఏమీ లేకపోయినా "రాయొచ్చా, రాయొచ్చా" అని పోల్‌ని (సాకెట్ సిద్ధమా అని కెర్నెల్‌ని అడిగే కాల్) అడుగుతూనే ఉంటారు. అది "రాయొచ్చు" అని సెకనుకు వేలసార్లు చెబుతుంది, ప్రాసెసరు వంద శాతం కాగుతుంది.

రాత్రంతా సిగ్నల్ లేకపోతే ఆ క్యూ ఎంత పెరగాలి? గోదావరికి 10, 13, 17 లక్షల క్యూసెక్కుల దగ్గర మూడు హెచ్చరికలున్నాయి. మన క్యూకి ఒక్కటీ లేదు, మెమరీ నిండితే కెర్నెలే వచ్చి ప్రోగ్రామును చంపుతుంది. దాన్ని "ఆటో రీస్టార్ట్ సదుపాయం" అని కరపత్రంలో వేసుకోవచ్చు.

చివరికి ఎవరో పనిలేనివాడు ప్రోగ్రాము కెర్నెల్‌ని ఏమడుగుతోందో చూపే ఎస్‌ట్రేస్ పెట్టి, ప్రోబు ప్రోగ్రాము రైట్ కాల్స్ (బయటికి రాసే పిలుపులు) చూస్తాడు. గంట గడుస్తుంది, ఒక్క కాల్ ఉండదు. తాళం దాకా, నెట్ దాకా వెళ్లేదేముంది, వరస ఇంట్లోంచే బయల్దేరలేదు. ఒక్క లైను కలిపి వెర్షను మారుస్తారు. మార్పుల పట్టికలో మాత్రం ఇలా రాయాలి: "నెట్‌వర్కు స్థిరత్వం గణనీయంగా మెరుగుపరచడమైనది."