షట్టర్ దించాక మొదలయ్యే మోత

రాత్రి పదకొండు దాటాక విజయనగరం స్టేషన్‌లో దిగిన మనిషికి నాలుగు ఇడ్లీలో, ఓ ప్లేటు బిర్యానీయో దొరకాలి. హౌరా–చెన్నై లైను మీదున్న ఊరు ఇది. విశాఖలో షిఫ్టు ముగించుకుని తిరిగొచ్చేవాళ్లున్నారు, ఆసుపత్రిలో రోగి పక్కన రాత్రంతా కూర్చునేవాళ్లున్నారు. శ్రీకాకుళంలోనైతే ఒక కూడలికి ‘డే అండ్ నైట్’ అనే పేరే స్థిరపడింది. కాబట్టి రాత్రి హోటళ్లు వద్దని మేము అనడం లేదు. వాటి మీద బతికే వంటమాస్టర్లు, సప్లయర్లు, గిన్నెలు తోమే ఆడవాళ్లు మన ఊరివాళ్లే. అయితే ఆ హోటల్‌ను ఆనుకున్న మేడ మీద పొద్దున్నే బడికి వెళ్లాల్సిన పిల్లలున్నారు, మందులేసుకుని పడుకున్న పెద్దవాళ్లున్నారు. ఉంచాలా, మూయించాలా అన్న వాదన నగరపాలక సంస్థలో ఎంతసేపు నడిచినా వాళ్లకు నిద్ర రాదు. ఎన్నింటికి, ఏ పని, ఎలా ఆపాలో ఆ హోటల్ ట్రేడ్ లైసెన్సు కాగితం మీదే రాసి ఇవ్వాలి. మా మాట అదొక్కటే.

ఇప్పుడు అలా లేదు. లైసెన్సు ఇచ్చేది నగరపాలక సంస్థ. ఏ వేళకు మూయాలన్నది 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద కార్మిక శాఖ చూస్తుంది. వంటగది శుభ్రత ఆహార భద్రతాధికారిది, వీధిలో గుంపు పోలీసులది, శబ్ద కొలతలు కాలుష్య నియంత్రణ మండలివి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెడితే అది వీటిలో ఒక శాఖకు చేరుతుంది. ఆ శాఖ తన ముక్క వరకే చూసి ఫైలు ముగిస్తుంది. బాధపడేవాడికి మాత్రం మోత, పొగ, కంపు, గేటుకు అడ్డంగా బైకులు అన్నీ కలిపి ఒకటే బాధ.

చట్టం లేక కాదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతంలో 45 డెసిబెల్స్, వాణిజ్య ప్రాంతంలో 55 మించకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద మండలంలో 40 మాత్రమే. చిక్కంతా మన వీధుల తీరులో ఉంది. కింద హోటల్, మీద కాపురం. దీన్ని నివాసం అనాలా, వాణిజ్యం అనాలా? ఇలాంటి మిశ్రమ ప్రాంతాన్ని పారిశ్రామిక, వాణిజ్య, నివాస, నిశ్శబ్ద అనే నాలుగు కేటగిరీల్లో ఏదో ఒకటిగా అధీకృత సంస్థ ప్రకటించవచ్చని ఆ నిబంధనలే చెబుతున్నాయి. ప్రకటించనంత కాలం హోటల్ యజమాని 55 అంటాడు, పక్కింటాయన 45 అంటాడు. ఇక రాత్రి ఆంక్షల ఉల్లంఘన మాట అలా ఉంచితే, ఉత్త శబ్ద స్థాయి మీద ఫిర్యాదు చేయాలంటే పరిమితికి 10 డెసిబెల్స్, ఆపైన దాటాలి. అంటే 54 దగ్గర నిద్ర పట్టనివాడికి ఆ దారి లేదు. లైసెన్సులో షరతు రాసి ఉంటే ఆ 10 కోసం ఎదురుచూడక్కర్లేదు. షరతు తప్పితే అదే చాలు.

మోత ఎక్కడ పుడుతుందో దగ్గరగా చూస్తే షరతులు ఎలా ఉండాలో తెలుస్తుంది. కబుర్లు చెప్పుకుంటూ తినే జనం కంటే వంటగది వెనకవైపే ఎక్కువ బాధ పెడుతుంది. హై ప్రెషర్ బర్నర్ హోరు, నూడిల్స్ కడాయిని గరిటెతో కొట్టే చప్పుడు, అన్నింటికీ మించి వంటగది పొగను బయటికి తోసే ఎగ్జాస్ట్ బ్లోయర్. పగలు వీధి రొదలో కలిసిపోయిన బ్లోయర్, రాకపోకలు సద్దుమణిగాక ఒక్కటే వినిపిస్తుంది. డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. 10 పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు మోత. ఆరుబయట దూరం రెట్టింపైతే 6 తగ్గాలి. ఇరువైపులా మేడలున్న సందులో గోడలు తిప్పికొడతాయి కనుక అంత తగ్గదు. బ్లోయర్‌ను ఉమ్మడి గోడకు బోల్టులతో బిగిస్తే అదురు గోడలోంచి పక్కింటి మంచం దాకా పోతుంది. రబ్బరు ప్యాడ్ల మీద విడిగా ఫ్రేమ్ వేసి దించాలి. బ్లోయర్‌కు, పొగ పోయే గొట్టానికి (డక్టు) మధ్య మంటను తట్టుకునే గుడ్డ జాయింటు పెట్టాలి. డక్టు కొసను పక్కింటి కిటికీ ఎత్తులో వదలకుండా డాబా పైకి తీసుకెళ్లాలి. ఫిల్టర్లు కడగకపోతే జిడ్డు బ్లోయర్ రెక్కలకు పట్టి తూకం తప్పి మోత పెరుగుతుంది. ఆ జిడ్డుకే ఓ రోజు నిప్పంటుకుంటుంది కూడా.

ఇంకొకటి, చాలామంది అధికారులు పట్టించుకోనిది. ‘11కి మూసేశాం’ అనే మాటకు అర్థం షట్టర్ సగం దించారని. ఆఖరి ఆర్డరు 10.45కు తీసుకుంటే ఆ కస్టమర్ లేచేది 11.20కి. ఆ తర్వాత కుర్చీలు బల్లల మీద బోర్లిస్తారు. డేగిసాలు పెరట్లోకి లాగి సిమెంటు గచ్చు మీద పడేసి తోముతారు. తడిచెత్త డ్రమ్ము వీధి చివరిదాకా ఈడుస్తారు. చివరికి పన్నెండున్నరకు షట్టర్ నేలకు దభీమని తగులుతుంది. అందుకే లైసెన్సులో ఒక్క టైము చాలదు, మూడుండాలి: ఆఖరి ఆర్డరు, బ్లోయర్ ఆపడం, పెరటి పని ఆపడం. ఇళ్ల మధ్యనున్న హోటల్‌కు 10.15, 11, 11.15 సరిపోతాయని మా అంచనా. మిగిలిన గిన్నెలు నానబెట్టి పొద్దున్న ఆరు తర్వాత తోముకోవచ్చు. స్టేషన్ ఎదుట, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర కాపురాలు లేనిచోట ఎక్కువ టైము ఇవ్వవచ్చు. ఊరంతటికీ ఒకే గంట పెట్టడమే తప్పు.

డాబా మీద హోటళ్ల సంగతి వేరు. అత్యవసర పరిస్థితి, పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం సడలించే కొద్ది రోజులు తప్పిస్తే, రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్‌కు మినహాయింపు నాలుగు గోడల మధ్య మూసి ఉన్న హాళ్లకే. రేకుల పందిరి, ప్లాస్టిక్ తెర ఉన్నంత మాత్రాన డాబా మూసిన హాలు అయిపోదు. అక్కడ రోజూ 10 తర్వాత పాటలకు ఎవరూ అనుమతి ఇవ్వలేరు, ఇవ్వకూడదు.

జిడ్డు నీళ్లు నేరుగా కాలువలో వదలకుండా, జిడ్డును ఆపి పట్టే తొట్టి (గ్రీజు ట్రాప్) ఉండాలి. దాని లోతులో నాలుగోవంతు జిడ్డు, మడ్డి చేరేలోపే తీయాలి. లేదంటే నూనె గడ్డకట్టి కాలువ పూడుతుంది, ఆ నీళ్లు పక్కింటి వాకిట్లోకి వస్తాయి. రాత్రి పొడిగింపు అడిగేవాళ్లు సిలిండర్లు కూడా ఎక్కువ తెచ్చి పెట్టుకుంటారు. గ్యాసు నిల్వ 100 కిలోలు దాటితే వేరే లైసెన్సు కావాలి, అంటే 19 కిలోలవి ఐదుకు మించకూడదు. డెలివరీ కుర్రాళ్లు ఇంజిన్ ఆపి లోపల బెంచీ మీద కూర్చునే చోటు చూపించాలి. పాపం, వాళ్లు గేట్ల ముందు నిలబడేది చోటు లేకనే.

నగరపాలక సంస్థ పాలకవర్గమైనా, అది లేనప్పుడు ఉండే ప్రత్యేకాధికారి అయినా రాత్రి పొడిగింపు దరఖాస్తులను కట్టకట్టి ఆమోదించకూడదు. ఒక్కో దరఖాస్తు డోరు నంబరుతో అజెండాలోకి రావాలి. అంతకు 15 రోజుల ముందు హోటల్ ముందర, వార్డు సచివాలయం బోర్డు మీద నోటీసు అంటించాలి. 50 మీటర్లలోపు ఇళ్లవారి అభ్యంతరాలు రాతపూర్వకంగా తీసుకోవాలి. తనిఖీ మధ్యాహ్నం మూడింటికి చేస్తే ఏమీ కనిపించదు. రాత్రి పదిన్నరకు, శనివారం ఒకసారి, మామూలు రోజు ఒకసారి వెళ్లాలి. అన్నిటికంటే దగ్గరి ఇంటి హద్దు దగ్గర సరిచూసిన శబ్ద మీటరుతో బ్లోయర్ ఆడుతున్నప్పుడు ఒకటి, ఆపి ఒకటి రీడింగ్ తీయాలి. ఆ రెండూ పోల్చి చూస్తే బ్లోయర్ వల్ల మోత ఎంత పెరుగుతోందో తెలుస్తుంది. మీటరు వచ్చేదాకా ఇళ్లవాళ్లు తేదీ, టైము, ఏ చప్పుడు, ఎంతసేపు అని ఒక పుస్తకంలో రాసుకుంటూ పోవాలి. సరిచూడని ఫోన్ యాప్ రీడింగ్ కంటే ఆ పుస్తకమే నయం. మరీ మితిమీరితే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ముందు పెట్టేది కూడా అదే.

తొలి అనుమతి మూడు నెలలకే ఇవ్వాలి. యజమాని మారితే పాత షరతులతోనే కొత్త పేరుకు రాయాలి, లేదంటే బోర్డు మార్చి మళ్లీ మొదటికి వస్తారు. షరతుల కాగితం క్యాష్ కౌంటర్ వెనక గోడకు కాక, వీధిలో నిలబడి చదవగలిగేలా షట్టర్ పక్కన అంటించాలి. షరతు తప్పితే ఫోన్ చేయాల్సిన అధికారి నంబరు దాని మీదే ఉండాలి, ఆ ఫోన్ రాత్రి పదకొండు గంటలకు ఎత్తేవారుండాలి.