మా బరంపురం తెలుగు కల్తీదట!

"బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగు ఒడియాతో కలిసి చెడిపోయింది. శిక్ష, అవసరం, చివరికి మామ కూడా ఒడియా నుంచి తెచ్చుకున్నవే. సంస్కృతంలో ఉన్న అర్థమే అసలు అర్థం" అని ఒక మెసేజ్ వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. మా చుట్టాలే నాకు నాలుగుసార్లు పంపారు. ఒడిశాలోని బరంపురంలో పుట్టి పెరిగినదాన్ని, బాధేసింది.

శిక్ష, అవసరం గుంటూరులో వాడరా? ఇవి తెలుగూ ఒడియా రెండూ సంస్కృతం నుంచి తీసుకుని ఎవరి దారిన వాళ్ళు వాడుకున్న మాటలు, అందుకే అర్థాలు అంత దూరం జరిగాయి. ఒడియాలో ఉపన్యాసం అంటే నవల, ఆలోచన అంటే చర్చ, రాగం అంటే కోపం!

నా చిన్నప్పుడు తమ్ముడి బడిలో ఒడియా మాస్టారు ఒకాయన వచ్చీరాని తెలుగులో "పిల్లాడికి మంచి శిక్ష ఇవ్వాలమ్మా" అంటే, అమ్మ హడలిపోయి "మా గుంటడు ఏటి చేశాడండీ?" అని అడిగింది. ఆయన ఉద్దేశం మంచి చదువు చెప్పించమని. ఒడియాలో శిక్ష అంటే అదే మరి. ఒడియాకి దగ్గరి చుట్టమైన మరాఠీలో మాత్రం శిక్ష అంటే మనలాగే దండన. అంటే చుట్టరికాన్ని బట్టి కూడా అర్థం చెప్పలేం, జనం ఎలా వాడుతున్నారో వినాల్సిందే.

ఇక సంస్కృతార్థమే అసలైనదంటారా, అవసరం అంటే అక్కడ సందర్భం, తగిన సమయం. ఒడియాలో అది తీరిక, ఉద్యోగ విరమణ అయింది. మనకి కావలసి రావడం అయింది. ఆ లెక్కన "డబ్బు అవసరం" అన్న ప్రతి తెలుగువాడూ తప్పు మాట్లాడుతున్నట్టే.

బజారులో, ఆఫీసులో మా నోట ఒడియా మాటలు దొర్లుతాయి, నిజమే. దానికే చెడిపోయిందంటే ఎలా? వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు దశాబ్దాలపాటు ఉన్నది ఈ పర్లాకిమిడిలోనే. సవర గిరిజనుల భాషకు వ్యాకరణం, నిఘంటువు రాసిందీ ఆయనే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే కదా అందరూ తెలుగు భాషా దినోత్సవం చేసుకునేది!

మామ సంగతి మరీ అన్యాయం. తమిళంలో, కన్నడంలో కూడా మామ ఉంది, వాళ్ళకి ఒడియా ఎక్కడిది? పైగా ఒడియాలో మాము అంటే అమ్మ అన్నో తమ్ముడో మాత్రమే, పెళ్ళితో వచ్చే మామగారు శశుర. మేనరికాలు చేసుకునే మనకి మేనమామే మామగారు అయ్యేవాడు కాబట్టి ఇద్దరికీ ఒకే మాట సరిపోయింది. మా కోడలు ఒడియా పిల్ల. పెళ్ళైన కొత్తలో మా ఆయన్ని "మామయ్యా" అనడానికి నోరు రాలేదు పాపం, ఆమె చెవికి అది పుట్టింటి పిలుపు. ఇప్పుడు అలవాటైంది. మనవడు మాత్రం తల్లి తమ్ముణ్ణి మాము అనే పిలుస్తాడు.