ఉద్దానం రక్త నమూనాలకు రూళ్ల పుస్తకం చాలదు

ఉద్దానం కిడ్నీ వ్యాధికి మూలకారణం ఇంకా తేలలేదన్నది శ్రీకాకుళం జిల్లాలో ఎవరికీ కొత్త సంగతి కాదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాలకు పరిశోధక బృందాలు రావడం, నీళ్లూ రక్తమూ పట్టుకెళ్లడం ఇక్కడి వారికి అలవాటైపోయింది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాక చర్చంతా యంత్రాల మీదికీ వైద్యుల పోస్టుల మీదికీ మళ్లింది. అవి అవసరమే. కానీ యంత్రం చూపిన అంకెను ఎవరు, ఎప్పుడు, ఏ రూపంలో రాసిపెడుతున్నారన్నది అంతకు తక్కువ ప్రశ్న కాదు. పరిశోధనశాలలో ప్రతి రీడింగూ పుట్టిన క్షణంలోనే డిజిటల్ ఫారంలోకి చేరాలి. ఈ జిల్లాలో దీన్ని ఇకనైనా నియమంగా పెట్టాలి.

ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం. ఉత్తరాంధ్రలో సింహాచలం అనే పేరు మగవారికీ ఉంటుంది, ఆడవారికీ ఉంటుంది. శాంపిల్ తీసినవారు చిత్తుకాగితం మీద ‘సింహాచలం, 50’ అని రాసుకుని, సాయంత్రం రిజిస్టరులోకి ఎక్కించేటప్పుడు స్త్రీయో పురుషుడో గుర్తున్న మేరకు నింపారనుకుందాం. రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాలు వడకట్టి బయటికి పంపే వ్యర్థం) డెసిలీటరుకు 1.2 మిల్లీగ్రాములు వచ్చింది. మూత్రపిండాల వడపోత సామర్థ్యాన్ని అంచనా వేసే 2021 నాటి సీకేడీ-ఈపీఐ సూత్రంలో ఈ అంకెలు వేస్తే, సింహాచలం పురుషుడైతే సుమారు 74 వస్తుంది, స్త్రీ అయితే సుమారు 55 వస్తుంది. ఫలితం 60కి దిగువన మూడు నెలలకు మించి కొనసాగితే దీర్ఘకాలిక వ్యాధిగా లెక్కిస్తారు గనుక, ఒక్క గడి తప్పుపడితే వ్యాధి లేని మనిషి రోగుల జాబితాలో చేరవచ్చు, రోగి అందులోంచి జారిపోవచ్చు. వయసు సంగతీ అంతే. పల్లెల్లో పెద్దవాళ్లు చెప్పే వయసు నలభై, యాభై, అరవై దగ్గర ఆగుతుంది. సూత్రానికి మాత్రం ఏడాదేడాదికీ లెక్క మారుతుంది. మనిషి ఎదురుగా ఉండగానే ఫోనులో ఫారం తెరిచి, గుర్తింపు కార్డులోని పుట్టిన సంవత్సరం చూసి, రక్తం పట్టిన గొట్టం మీది బార్‌కోడ్‌ను స్కాన్ చేస్తే ఈ పొరపాట్లలో ఎక్కువ భాగం ఆ గుమ్మం దాటి బయటికి రావు.

ల్యాబ్ లోపల జరిగేది ఇంకా సూక్ష్మమైనది. క్రియాటినిన్‌ను జాఫే పద్ధతిలో కొలవవచ్చు, ఎంజైమ్ పద్ధతిలోనూ కొలవవచ్చు. మొదటిది చవకైనది, అయితే రక్తంలో గ్లూకోజు, కీటోన్లు బాగా ఎక్కువగా ఉంటే అంకెను ఉన్నదానికంటే పెంచి చూపగలదు. రిజిస్టరులో ఉత్త 1.2 అని మాత్రమే ఉంటే, అది ఏ పద్ధతిలో వచ్చిందో, యంత్రాన్ని అంతకుముందు ఎప్పుడు సరిచూశారో పదేళ్ల తర్వాత చదివేవారు తెలుసుకునే దారి లేదు. విదేశీ పత్రాల్లో ఇదే కొలతను లీటరుకు మైక్రోమోల్స్‌లో ఇస్తారు. మన 1 అక్కడ 88.4 అవుతుంది. చక్కగా తయారుచేసిన ఫారంలో పద్ధతి, యంత్రం, పరీక్షకు వాడిన రసాయనం (రియేజెంట్) లాట్ నంబరు, యూనిట్ ప్రతి రీడింగునూ అంటిపెట్టుకునే ఉంటాయి. 1.2 కొట్టబోయి 12 కొడితే సరిచూసుకోమని అక్కడికక్కడే అడుగుతుంది. డయాలసిస్ రోగికి 12 నిజంగానే రావచ్చు కాబట్టి ఫారం అడగాలే తప్ప అడ్డుపడకూడదు.

ఇక్కడ చాలామంది ‘మేము ఎప్పుడో ఎక్సెల్‌కి మారిపోయాం’ అంటారు. ఎక్సెల్ షీటు ఫారం కాదు, అది గళ్లున్న తెల్లకాగితమే. పైగా తనకు తోచినట్టు దిద్దే కాగితం. మన ఊళ్లలో ఇంటి నంబరు 2-11 అని కొడితే అది తేదీ అయి కూర్చుంటుంది. ఇది పల్లె ల్యాబులకే వచ్చిన చిక్కు కాదు. జన్యువుల పేర్లు ఇలాగే తేదీలుగా మారిపోవడం గురించి 2016లో ‘జీనోమ్ బయాలజీ’ పత్రికలో వచ్చిన పరిశీలన, ఎక్సెల్ జన్యు జాబితాలు జతచేసిన పరిశోధన పత్రాల్లో సుమారు ఐదో వంతులో ఈ తప్పులున్నాయని తేల్చింది. చివరికి 2020 నాటికి జన్యువులకు పేర్లు పెట్టే కమిటీయే దిగివచ్చి ‘మార్చ్1’ను ‘మార్చ్ఎఫ్1’గా మార్చుకోవలసి వచ్చింది!

పుస్తకమే భద్రమనే వాదన ఉంది. సంతకం ఉన్న పేజీకి విలువ ఉంటుంది, కరెంటు పోయినా రాయవచ్చు, కవిటి దాటితే సిగ్నల్ ఉంటుందో ఉండదో తెలియదు అంటారు. ఆ ఇబ్బందులు నిజమే. కానీ 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసిన నాడు కొబ్బరి చెట్లే నిలవలేదు. బీరువాలోని ఒకే ఒక్క ప్రతికి పూచీ ఎవరు? వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 2008లో మొదలైన ఓడీకే అనే సాఫ్ట్‌వేర్ సిగ్నల్ లేకుండానే ఫోనులో నమోదు చేసుకుని, నెట్ దొరికాక పంపుతుంది, దాన్ని ఉచితంగానే వాడుకోవచ్చు. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 2004లో తయారుచేసిన రెడ్‌క్యాప్ అనే డేటా నమోదు సాఫ్ట్‌వేర్‌ను లాభాపేక్ష లేని సంస్థలు ఒప్పందం చేసుకుంటే రుసుము లేకుండా ఇస్తారు. డబ్బు లేదన్న మాట ఇక్కడ నిలవదు.

ఇంతకంటే నన్ను కలవరపెట్టే వైరుధ్యం మన జాతీయ రహదారి మీదే ఉంది. ఎచ్చెర్ల విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చదివిన విద్యార్థి అదే దారిలో విశాఖ వైపు పైడిభీమవరం వెళ్లి, అమెరికాకు మందులు పంపే కర్మాగారంలో నాణ్యత విభాగంలో చేరాడనుకుందాం. అక్కడి రికార్డులకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన ‘పార్ట్ 11’ నిబంధనలు వర్తిస్తాయి. ఒకసారి నమోదైన అంకెను మార్చితే పాత అంకె చెరిగిపోకూడదు. ఎవరు, ఏ రోజు, ఏ సమయంలో మార్చారో కంప్యూటరే రాసిపెట్టాలి. అదే విద్యార్థి పరిశోధనలోనే ఉండిపోతే, చిత్తుకాగితం నుంచి ఫెయిర్ రికార్డులోకి ‘నీట్‌గా’ ఎక్కించడమే మంచి పద్ధతని ఇంటర్ నుంచి నేర్చుకున్నది అలాగే కొనసాగిస్తాడు. ఆ నీట్‌నెస్‌లోనే గ్రాఫులో కుదరని రీడింగు కనబడకుండా పోతుంది. మాత్ర అమ్ముకోవడానికి అంత కట్టుదిట్టం ఉండగా, మనిషికి రోగం ఎందుకొచ్చిందో వెతికే పనికి రూళ్ల పుస్తకం సరిపోతుందా?

అలాగని ఫారం తయారీని సాఫ్ట్‌వేర్ వాళ్లకు వదిలేస్తే కొత్త తంటా మొదలవుతుంది. ఏ గడీ ఖాళీగా ఉండకూడదని బిగిస్తే, రీడింగు లేనివారు సున్నా కొట్టి ముందుకు పోతారు. బావి నీటిలో ఫ్లోరైడ్ సున్నా అన్నదానికీ, యంత్రం గుర్తించలేనంత తక్కువ ఉన్నదానికీ, అసలు కొలవనేలేదన్నదానికీ తేడా ఉంది. ఆ మూడింటికీ వేర్వేరు గళ్లు ఉండాలని పిపెట్ పట్టిన చేతికే తెలుస్తుంది. కాబట్టి ఫారాన్ని గీయవలసింది ల్యాబ్ టెక్నీషియన్లూ రీసెర్చ్ స్కాలర్లూ.

అసలు పేచీ అంకెల యాజమాన్యం దగ్గర వస్తుంది. ఒక్కో బృందం తన రిజిస్టరు తాను రాసుకుని వెళ్లిపోయినంత కాలం, ఒకరి అంకెల పక్కన మరొకరి అంకెలు పెట్టి చూసే వీలుండదు. రక్తం ఇచ్చిన ఊరికి మిగిలేది పత్రికల్లో వచ్చే నాలుగు వాక్యాలే. అందరూ ఒకే గళ్లలో నమోదు చేస్తేనే ఆ అంకెలు ఒకచోట చేరి, పదేళ్ల తర్వాత కొత్త అనుమానంతో వచ్చిన శాస్త్రవేత్తకు పనికొస్తాయి. అందుకే ఉద్దానంలో నమూనాలు తీయడానికి అనుమతి అడిగే ప్రతి బృందానికీ ఎథిక్స్ కమిటీ రెండు షరతులు పెట్టాలి. మొదటిది, జిల్లా ఆమోదించిన ఉమ్మడి ఫారంలోనే నమోదు చేయడం. రెండోది, పేర్లూ ఇంటి నంబర్లూ తీసేసిన ముడి డేటా ప్రతిని, దిద్దుబాట్ల చరిత్రతో సహా, పని ముగిసిన ఆరు నెలల్లోగా పలాస కేంద్రానికి అప్పగించడం. దీనికి ఒప్పుకోని బృందం ఎంత పెద్ద సంస్థ నుంచి వచ్చినా సరే, కవిటిలో ఒక్క గొట్టం రక్తం తీయనివ్వకూడదు.