నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నాను

ఆఫీసులో మా టీమ్ కుర్రాడొకడు బెంగళూరుకి మకాం మారుస్తూ, డెస్కు సొరుగు ఖాళీ చేసుకుంటూ, నా చేతిలో ఒక చిన్న అట్టపెట్టె పెట్టి "సీలు కూడా తియ్యలేదన్నా, మీకు పనికొస్తుంది" అన్నాడు. విప్పితే డీరైలర్. సైకిల్ వెనక చక్రం పక్కన వేలాడుతూ, మనం గేరు మార్చినప్పుడల్లా చైనుని ఒక పళ్ళ చక్రం మీద నుంచి ఇంకో దాని మీదకి తోసే చెయ్యి లాంటిది. స్రామ్ వాళ్ళది, తొమ్మిది గేర్లకి సరిపోయేది. తళతళ మెరిసిపోతోంది. ఒక్కటే ఇబ్బంది, నాకు సైకిల్ లేదు. అప్పటికి మూడు నెలలుగా మా బావమరిది మౌంటెన్ బైకు అడుక్కుని తొక్కుతున్నాను.

ఊరికే వచ్చిన వస్తువుని ఊరికే పడేయడం మా ఇంటావంటా లేదు. దాంతో డీరైలర్ తప్ప మిగతావన్నీ ఉన్న సైకిల్ కోసం వెతకడం మొదలుపెట్టాను. నవ్వకండి, దొరికింది. కూకట్‌పల్లిలో ఒకాయన బండ రాళ్ళ మీద తొక్కుతూ ఉన్న డీరైలర్ విరగ్గొట్టుకుని, విసుగొచ్చి 14,000కి ఇచ్చేస్తానన్నాడు. షిఫ్టర్, అంటే హ్యాండిల్ మీద గేరు మార్చే మీట, షిమానో కంపెనీది. క్యాసెట్, అంటే వెనక పళ్ళ చక్రాల గుత్తి, షిమానో. ఆయిల్‌తో పనిచేసే బ్రేకులూ షిమానో. ముందు 32 పళ్ళ చక్రం ఒక్కటే, వెనక 11 పళ్ళ దాని నుంచి 34 పళ్ళ దాని దాకా తొమ్మిది చక్రాలు. షిఫ్టర్ మీద తొమ్మిది, క్యాసెట్‌లో తొమ్మిది, నా పెట్టె మీదా తొమ్మిది. ఇంతకంటే బాగా జాతకాలు ఎక్కడ కలుస్తాయి?

మా కాలనీ మెకానిక్ దాన్ని బిగించి, షిఫ్టర్ నుంచి దానికి కొత్త వైరు వేసి, సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టి పెడల్ తిప్పాడు. మొదటి క్లిక్‌కి చైను కదిలింది కానీ రెండో చక్రం మీద కూర్చోలేదు, రెండింటి మధ్యా నిలబడి టకటకటక కొట్టుకుంటోంది, పెళ్ళి భోజనాల్లో కుర్చీ దొరకనివాడు ఇద్దరి వెనకాలా తచ్చాడుతున్నట్టు. రెండో క్లిక్‌కి ఎక్కింది. మూడో క్లిక్‌కి మళ్ళీ అదే మోత. అలా ఎనిమిది క్లిక్కులూ అయిపోయేసరికి చైను ఆరో చక్రం దగ్గరే ఉంది. ఇంకా మూడు చక్రాలు పైన ఖాళీగా, ఒక్క చుక్క గ్రీజు మరక లేకుండా మెరుస్తున్నాయి.

"వైరు లూజున్నట్టుంది సార్" అని బిగించాడు. ఇప్పుడు పెద్ద చక్రాలు అందాయి, చిన్నవి అందట్లేదు. వదులు చేస్తే చిన్నవి అందాయి, పెద్దవి పోయాయి. చలికాలం పొట్టి దుప్పటి తంతు, తలకి లాగితే కాళ్ళు బయట. గంటన్నర తర్వాత ఆయన బీడీ వెలిగించి, నా వైపు కాకుండా రోడ్డు వైపు చూస్తూ "తొమ్మిదంటే తొమ్మిదే గద సార్, గిట్లెట్లయితది?" అన్నాడు. నా ప్రశ్నా అదే.

తెలివున్నవాడైతే అక్కడ ఆగేవాడు. కానీ ఆదివారం వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకి ప్రోగ్రామ్ ఖాయమైపోయింది, ఫ్యామిలీ గ్రూపులో ఫోటో కూడా పెట్టేశాను. చదును రోడ్డు మీద బాగానే పోతోంది కదా అని చిన్న చక్రాల వైపే సర్దించి బయల్దేరాను. అంటే కొండ ఎక్కడానికి కొన్న సైకిల్‌లో కొండ ఎక్కే ఆ మూడు పెద్ద చక్రాలూ ఇంట్లో వదిలేసి వెళ్ళినట్టు. ఎక్కుడు మొదలయ్యాక బొటనవేలితో లివర్ నొక్కితే క్లిక్కులు ఎప్పుడో అయిపోయాయి, లోపల గోడకి తగిలినట్టు తగులుతోంది. తల పైకెత్తితే మూడు తాజా చక్రాలున్న బావమరిది మలుపు తిరిగి మాయమయ్యాడు. దిగి తోసుకుంటూ వెళ్తుంటే మొక్కజొన్న కంకులు కాల్చే ఆయన "పంచరా సార్?" అని జాలిపడ్డాడు. అవునన్నాను. తొమ్మిదిలో ఆరే ఉన్నాయని ఆయనకి ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పను?

ఆ రాత్రి కాళ్ళకి జండూబామ్ రాసుకుంటూ కూర్చుని చదివితే అప్పుడు తెలిసింది. షిమానో తొమ్మిది గేర్ల షిఫ్టర్ ఒక్క క్లిక్‌కి సుమారు 2.5 మిల్లీమీటర్ల వైరు లాగుతుంది. వాళ్ళ డీరైలర్ ఆ లాగుడుని దాదాపు 1.7 రెట్లు చేసి చైనుని జరుపుతుంది, పక్క చక్రానికి సరిగ్గా సరిపోతుంది. స్రామ్ వాళ్ళ లెక్క వేరు, వాళ్ళ షిఫ్టర్ దాదాపు 4 మిల్లీమీటర్లు లాగుతుంది, డీరైలర్ దాన్ని 1.1 రెట్లు మాత్రమే చేస్తుంది. ఎవరింట్లో వాళ్ళ లెక్క సరిపోతుంది. నేనేమో పొదుపుగా లాగే చెయ్యిని, పొదుపుగా జరిగే చెయ్యిని తెచ్చి కలిపాను. పూలమ్మి మూర లెక్కే అనుకోండి, పిల్లదాని చేత్తో కొలిచినా మూరే, పెద్దావిడ చేత్తో కొలిచినా మూరే, జడకి చుట్టుకున్నప్పుడు తెలుస్తుంది తేడా.

"ఆయన 1921లో జపాన్‌లోని సకాయ్‌లో పుట్టాడు, ఈయన 1987లో షికాగోలో పుట్టాడు, ఈ సంబంధం ఎలా కుదిర్చావు బావా?" అన్నాడు మా బావమరిది. వాడికి కంపెనీల పుట్టుపూర్వోత్తరాలన్నీ కంఠతా. అన్నట్టు, ఈ విజ్ఞాని సలహా మీదే, బ్రేకులు మెత్తగా ఉన్నాయని మోటార్ సైకిల్ బ్రేకులకి పోసే డాట్ ఆయిల్ సీసా పట్టుకుని మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. ఆయన మూత చూసి సీసా లాక్కున్నంత పని చేశాడు. షిమానో బ్రేకులకి మినరల్ ఆయిలే పొయ్యాలట, డాట్ పడితే లోపలి రబ్బరు సీళ్ళు పాడైపోతాయట. గేర్ల దగ్గర ఓడిపోయిన పరువు ఆయన అక్కడ రాబట్టుకున్నాడు, పాపం.

ఇక మిగిలిన దారులు రెండు. కొత్త షిమానో డీరైలర్ 1,800. లేదా ఉన్న డీరైలర్‌కి జోడీగా స్రామ్ షిఫ్టర్, 2,600. మా ఆవిడ లెక్క చూసి "1,800దే కొనండి, ఇందులో ఆలోచించడానికేముంది?" అంది. అప్పుడు ఫ్రీగా వచ్చినది దండగైపోదూ? 2,600 పెట్టాను.

బిగించాక ఎనిమిది క్లిక్కులకి తొమ్మిది చక్రాలూ పలికాయి, వీణ మెట్ల మీద వేళ్ళు నడిచినట్టు. మెకానిక్ ఛాయ్ తెప్పించాడు. మళ్ళీ ఆదివారం మళ్ళీ అనంతగిరి. ఎక్కుడంతా దర్జాగా ఎక్కాను, కంకుల ఆయనకి చెయ్యి కూడా ఊపాను. తిరుగు ప్రయాణంలో దిగుడు. చిన్న చక్రం మీదకి మారాలి. ఇక్కడొక సంగతి చెప్పాలి. నేను మూడు నెలలు నేర్చుకున్న బావమరిది షిమానో షిఫ్టర్‌లో ఎక్కడానికి బొటనవేలితో నొక్కాలి, దిగడానికి చూపుడువేలితో లాగాలి. స్రామ్‌లో రెండు పనులూ బొటనవేలివే. ఆ ముక్క పెట్టె మీద చదివాను, నా చూపుడువేలు చదవలేదు. అలవాటుగా ముందుకి వెళ్ళి, అక్కడ లివర్ లేకపోయేసరికి, అందిన దాన్ని పట్టుకుని గట్టిగా లాగింది. అందింది బ్రేకు.

వెనకే వస్తున్న బావమరిది నా వెనక చక్రాన్ని రాసుకుంటూ పోయి పొదలో ఆగాడు. ఆకులు దులుపుకుంటూ లేచి "ఏమైంది బావా, ఎందుకు ఆపావు?" అన్నాడు.

"ఆపలేదురా, గేరు మార్చాను."