నేరడి కోసం ఎంపీలు ఒక్కటవ్వాలి

ఊళ్లోకి ఎంపీ వస్తే జనం అడిగేవి చాలావరకు సీసీ రోడ్డు, కల్వర్టు, గుడి పక్కన కల్యాణ మండపం. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు. శ్రీకాకుళం లోక్‌సభ స్థానంలో ఇచ్ఛాపురం నుంచి ఆమదాలవలస దాకా ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లున్నాయి. సమంగా పంచితే ఒక్కోదానికి ముప్పావు కోటి కూడా రాదు. రోడ్డు అడగడం తప్పని మేం అనం. కానీ ఆ పని సర్పంచి పట్టుబట్టినా, ఎమ్మెల్యే తల్చుకున్నా అవుతుంది. వంశధార నది మీద ఒడిశా సరిహద్దులో కట్టాల్సిన నేరడి బ్యారేజీ అలా కాదు, అది ఢిల్లీలో తేలాల్సిన పని.

వంశధార నీళ్లు ఒడిశాకు, మనకు చెరి సగమని 1962లోనే ఒప్పందం కుదిరింది. నేరడి దగ్గర బ్యారేజీ కట్టుకోవచ్చని 2017 సెప్టెంబరులో వంశధార జల వివాదాల ట్రిబ్యునల్ తుది తీర్పు కూడా ఇచ్చింది. ఇందుకు ఒడిశా వైపు కావలసిన భూమి 106 ఎకరాలు. ఏళ్లు గడిచినా బ్యారేజీ లేదు. అది లేకనే కాట్రగడ్డ దగ్గర సైడ్ వియర్ (నీటిని పక్కకు మళ్లించే, నది ఒడ్డునున్న తక్కువ ఎత్తు గోడ) కట్టుకున్నాం. నదికి వరద వస్తేనే దాని నుంచి హిరమండలం రిజర్వాయర్‌కు నీళ్లొస్తాయి. 19 టీఎంసీలు పట్టే ఆ రిజర్వాయర్ కోసం ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. ఇళ్లూ పొలాలూ వదిలి వెళ్లిన నిర్వాసితులకైనా అది నిండుగా కనిపించాలి కదా!

ఇది రైతుల గొడవేనని సోంపేట, కవిటి వాళ్లు అనుకోవడానికి లేదు. 2023 డిసెంబరులో ప్రారంభించిన 700 కోట్ల ఉద్దానం తాగునీటి పథకానికి నీళ్లు ఈ రిజర్వాయర్ నుంచే రావాలి. కిడ్నీ జబ్బు పీడిస్తున్న ఉద్దానంలో డయాలసిస్ అంటే ఏమిటో చూసినవాళ్లకు ఆ నీటి విలువ వేరే చెప్పక్కర్లేదు. నిన్నటిదాకా కొబ్బరి చెట్లెక్కిన మనిషి ముంజేతి మీద ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపిన చోటు) ఉబ్బుతో, వారానికి రెండు మూడుసార్లు, ఒక్కో విడతకు నాలుగేసి గంటలు మంచానికి అతుక్కుపోతాడు. తోడొచ్చిన భార్యకు ఆ రోజు జీడి పిక్కల పని పోయినట్టే. కూలి డబ్బు రాకపోగా ఆటో చార్జీ చేతి నుంచి పడుతుంది. పక్క మంచం మీదున్నవాళ్లను పలకరించినా ముందు అడిగేది, కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంతుందనే. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి, సంతోషమే. జబ్బు ఎందుకొస్తోందో మాత్రం ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. నీటి మీద అనుమానం ఉన్నంతకాలం మంచినీళ్లు ఇవ్వడం మానకూడదు, పరిశోధనకు కేంద్రం డబ్బు ఆగకూడదు.

శ్రీకాకుళం నుంచి 2014 మొదలు వరుసగా మూడుసార్లు గెలిచిన రామ్మోహన్ నాయుడు ఇప్పుడు కేంద్ర పౌర విమానయాన మంత్రి. మంత్రి అయ్యాక సభలో ప్రశ్న వేయడానికి, జీరో అవర్‌లో లేచి నిలదీయడానికి వీలుండదు. అయితే జలశక్తి మంత్రి పక్కనే కూర్చునే అవకాశం ఉంటుంది. సభలో అడిగే పని అరకు, విజయనగరం ఎంపీలు తీసుకోవాలి. నేరడి ఉన్న భామిని మండలం అరకు స్థానంలో ఉంది. శ్రీకాకుళం జిల్లాలోని ఎచ్చెర్ల విజయనగరం స్థానంలో ఉంది. నియోజకవర్గం గీత దాటిందని, పార్టీ వేరని ఎవరూ తప్పుకోకూడదు.

ఢిల్లీ కదిలితే ఏమవుతుందో మన మత్స్యకారులకు తెలుసు. గుజరాత్‌లోని వీరావల్‌కు వలస వెళ్లి, 2018లో వేటలో పాకిస్తాన్‌కు చిక్కిన ఉత్తరాంధ్ర వాళ్లు 2020 జనవరిలో వాఘా దాటి ఇల్లు చేరారు. పంచాయతీ ఆఫీసులో తేలే పనా అది?

2024 జూన్ నుంచి ఒడిశాలో బీజేపీ ప్రభుత్వం, కేంద్రంలోనూ వాళ్లే, ఇక్కడ వాళ్లతో కూడిన కూటమి. ఇద్దరు ముఖ్యమంత్రులను ఒకచోట కూర్చోబెట్టడానికి ఇంతకన్నా అనువైన సమయం దొరకదు. ముగ్గురు ఎంపీలూ కలిసి కేంద్రానికి లేఖ ఇవ్వాలి. పార్లమెంటు సమావేశాలు ముగిసిన ప్రతిసారీ హిరమండలంలో, కవిటిలో సభ పెట్టి, ఏం అడిగారో, ఏం జవాబు వచ్చిందో జనానికి చదివి వినిపించాలి. జవాబు రాకపోతే ఆ మాటే చెప్పాలి.